మూడో పిన్ను ముచ్చట్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. ఒక ఆడియో డబ్బాకి ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు (మైకు వైర్లకి ఉండే మూడు పిన్నుల రకం), ఇంకో డబ్బాకి ఆర్‌సీఏ సాకెట్లు (టీవీల వెనక కనబడే మామూలు గుండ్రటి రకం), మధ్యలో ఏ వైరు పెట్టాలి? అడాప్టర్లు బజార్లో దొరుకుతాయి, చక్కగా బిగుసుకుంటాయి కూడా, కానీ బిగుసుకున్నంత మాత్రాన కుదిరినట్టు కాదు. అందుకని టీవీ తెర మీద గీతలు, ఇన్వర్టర్ బ్యాటరీల ప్రశ్నలన్నీ వచ్చే నెలకి తోసేసి ఈ పేజీలు దీనికే ఇచ్చేస్తున్నాను. రాసినవాళ్లంతా విశాఖవాళ్లే కాబట్టి పేర్లు తీసేసి పేటల పేర్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ): గురువుగారికి నమస్కారం. రిటైరయ్యాక కాస్త మంచి సిస్టమ్‌లో పాటలు విందామని ఒక డాక్ (డిజిటల్ పాటని యాంప్లిఫయర్‌కి ఇచ్చే సిగ్నల్‌గా మార్చే డబ్బా) కొన్నాను. దాని వెనక ఆర్‌సీఏ అవుట్‌పుట్లూ ఉన్నాయి, ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్లూ ఉన్నాయి. నా యాంప్లిఫయర్ ఇరవయ్యేళ్ల నాటిది, ఆర్‌సీఏ ఒక్కటే తీసుకుంటుంది. బ్యాలెన్స్‌డ్ అయితే సౌండ్ బాగుంటుందని షాపులో చెబితే ఎక్స్‌ఎల్‌ఆర్ టు ఆర్‌సీఏ కేబుల్ తెచ్చి పెట్టాను. పాట వస్తోంది కానీ గట్టిగా పెడితే గొంతు గరుకుగా అనిపిస్తోంది. డాక్ కూడా మునుపటికంటే వేడెక్కుతోంది. కేబుల్ నాసిరకమా?

జవాబు: నాసిరకం కాదండి. ఆ కేబుల్ లోపల ఒక చిన్న వైరు ముక్క ఉంటుంది, తంటా అంతా దానితోనే.

ముందు చేయాల్సిన పని చెప్పేస్తాను. డాక్ వెనక ఆర్‌సీఏ కూడా ఉందని మీరే రాశారు. ఒక మామూలు ఆర్‌సీఏ వైరు తీసుకుని దానికి పెట్టేయండి, పని అయిపోతుంది. అవతల యాంప్లిఫయర్ ఆర్‌సీఏ ఒక్కటే తీసుకుంటున్నప్పుడు ఇవతల ఎక్స్‌ఎల్‌ఆర్ వాడినంత మాత్రాన లైను బ్యాలెన్స్‌డ్ అయిపోదు. కాడికి ఒకవైపే ఎద్దుని కట్టి జోడెడ్ల బండి అంటే ఎలా?

ఇక ఎందుకలా అయిందో చూద్దాం, ఎందుకంటే ఇదే గొడవ మీలాగే ఇంకో నలుగురు రాశారు. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో మూడు పిన్నులు ఉంటాయి. 1 షీల్డుకి, అంటే వైర్ల చుట్టూ ఉండే లోహపు జడకి. 2 మీద పాట. 3 మీద, చాలా డబ్బాల్లో, అదే పాట తలకిందులుగా. అందుకునే డబ్బా 2కీ 3కీ మధ్య తేడా ఒక్కటే చూస్తుంది, ఇంకేమీ పట్టించుకోదు. దారిలో ఫ్యాన్ రెగ్యులేటర్ నుంచో ట్యూబ్‌లైట్ చోక్ నుంచో ఏదైనా చెత్త ఆ వైర్లలోకి చొరబడితే అది రెండింటి మీదా సమానంగా పడుతుంది. తక్కెడలో రెండు పళ్లేల్లోనూ ఒకే బరువు వేస్తే ముల్లు కదలదు కదా, అదే ఇది. తేడాలో ఆ చెత్త కనబడదు, పాట ఒక్కటే కనబడుతుంది. బ్యాలెన్స్‌డ్ అంటే ఇదే. అయితే 3 మీద తలకిందుల పాట ఉండి తీరాలని రూలేమీ లేదు. రెండు వైర్లూ ఎర్త్‌తో చూస్తే ఒకే ఇంపీడెన్స్‌తో (ఏసీ కరెంటుకి ఉండే అడ్డు) ఉంటే చాలు, తక్కెడ సరితూగాల్సింది అక్కడ. ఈ ముక్క ఏళ్ల తరబడి రిపేర్లు చేసినవాళ్లలో కూడా చాలామంది ఒప్పుకోరు, నేనూ చాలాకాలం ఒప్పుకోలేదు.

ఆర్‌సీఏకి ఇంత తతంగం లేదు. మధ్య పిన్ను మీద పాట, చుట్టూ ఉన్న గొట్టం మీద తిరుగుదారి, ఆ గొట్టమే షీల్డు కూడా. మరి మూడు వైర్లు వచ్చి రెండు చోట్ల ఆగాలంటే మూడోదాన్ని ఏం చేయాలి? షాపుల్లో దొరికే కేబుళ్లలో చాలావాటిలో 3ని తీసుకెళ్లి 1కి కలిపేస్తారు. అది తప్పా ఒప్పా అన్నది కేబుల్ చేతిలో లేదు, మీ డబ్బా లోపల 3వ పిన్ను వెనక ఏముందో దాన్నిబట్టి ఉంటుంది. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే 3ని 1కి కలపాల్సిందే, వదిలేస్తే పాట పల్చబడిపోయి హమ్ వస్తుంది. లోపల 3 నుంచి ఎర్త్‌కి ఒట్టి రెసిస్టర్ ఒక్కటే ఉంటే కలిపినా వదిలేసినా ఒకటే. కొన్ని డబ్బాల్లో మరో రకం సర్క్యూట్ ఉంటుంది, 3ని ఎర్త్ చేశారని అదే గ్రహించి 2 మీద పాటని రెట్టింపు చేస్తుంది. దానికి కలపొచ్చు, కానీ డబ్బా దగ్గరే కలపాలి. ఇవన్నీ కాక, ఇళ్లలో వాడే డాక్‌లలో ఎక్కువగా కనబడేది నాలుగో రకం. 2కి ఒక ఆప్‌ఆంప్ (చిన్న యాంప్లిఫయర్ చిప్పు), 3కి ఇంకో ఆప్‌ఆంప్. అక్కడ 3ని 1కి కలిపారంటే ఆ రెండో ఆప్‌ఆంప్‌ని నేరుగా ఎర్త్‌కి షార్ట్ చేసినట్టే. దాని అవుట్‌పుట్‌లో 100 ఓముల రెసిస్టర్ ఉందనుకోండి, 2 వోల్టుల పాటకి 20 మిల్లీయాంపులు ఊరికే ఎర్త్‌లోకి పోతాయి. మామూలు ఆప్‌ఆంప్‌కి అది తలకు మించిన బరువు. అది రొప్పుతూ లాగే కరెంటు, ఎర్త్ ద్వారా, సప్లై ద్వారా పక్కనున్న మంచి సగాన్ని కూడా పాడుచేస్తుంది. మీ గొంతు గరుకూ, ఆ వేడీ ఇవేనని నా అనుమానం.

మీ డాక్ ఏ రకమో మాన్యువల్లో లేకపోతే పదినిమిషాల పని. మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి, డాక్‌లోంచి 100 హెర్ట్జ్ టోన్ ప్లే చేయండి (చవక మీటర్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీలో అబద్ధం చెబుతాయి, అందుకే 100). వైరు పీకేసి 2కీ 1కీ మధ్య ఎంతో చూడండి, తర్వాత 3కీ 1కీ మధ్య. రెండూ సమానంగా ఉంటే 3 మీద ప్రాణం ఉన్నట్టే, మాన్యువల్ చెబితే తప్ప దాన్ని దేనికీ కలపకండి. 3 మీద దాదాపు సున్నా ఉంటే ఒట్టి రెసిస్టర్ రకం. ఆ కేబుల్ పారేయనక్కర్లేదు. ఎక్స్‌ఎల్‌ఆర్ తొడుగు విప్పితే 1కీ 3కీ మధ్య చిన్న వైరు ముక్క కనబడుతుంది, సోల్డరింగ్ ఐరన్ పెట్టి తీసేస్తే చాలు. పూర్తి బ్యాలెన్స్‌డ్ లైనుతో పోలిస్తే సగం వోల్టేజే వస్తుంది, అంటే పాట 6 డెసిబెల్స్ తక్కువ. వాల్యూమ్ కొంచెం తిప్పుకుంటే సరి. డాక్‌కి ఏమైనా అయిందా అని టెన్షన్ పడకండి, ఆప్‌ఆంప్‌లలో చాలావాటికి షార్ట్ అయితే తట్టుకునే ఏర్పాటు లోపలే ఉంటుంది. వైరు మార్చాక వేడి తగ్గితే ఏమీ కానట్టే.

ప్రశ్న (అక్కయ్యపాలెం): మా అమ్మకి పాత పాటలంటే ప్రాణం. ఆవిడ గదిలో పెట్టడానికి ఒక పవర్డ్ స్పీకర్ కొన్నాను, ఒక్కటే. దాని వెనక లావు జాక్ పట్టే కన్నం ఉంది, బ్యాలెన్స్‌డ్ అని రాసుంది. ఫోన్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి స్టీరియో వైరు పెట్టాను. కొత్త పాటల్లో సంగీతం వస్తోంది, పాడేవాళ్ల గొంతు ఎక్కడో నూతిలోంచి వస్తోంది. ఘంటసాల పాటలైతే అసలు రావట్లేదు, గరగర ఒక్కటే. ఘంటసాలగారు అలిగారంటోంది అమ్మ. ఏటండీ ఈ మాయ? స్పీకర్ వెనక్కిచ్చేయనా?

జవాబు: ఇవ్వకండి, స్పీకర్ దివ్యంగా ఉంది. చెప్పిన పని చెప్పినట్టు చేస్తోంది పాపం. ఇన్నేళ్లలో ఈ శీర్షికకి వచ్చిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చినది ఇదే, మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

మీ ఫోన్ వైరు చివరి జాక్‌కి మూడు భాగాలుంటాయి, కొస, మధ్య ఉంగరం, కింద గొట్టం. ఇంగ్లీషులో ఆ మూడు మాటల మొదటి అక్షరాలు కలిపి టీఆర్ఎస్ అంటారు (పార్టీ పేరు మార్చుకుంది గానీ జాక్ పేరు మారలేదు). ఫోన్ వైపు కొస మీద ఎడమ చానెల్, ఉంగరం మీద కుడి చానెల్. స్పీకర్ మాత్రం అదే జాక్‌ని ఇంకోలా చదువుతుంది. కొస అంటే 2వ పిన్ను, ఉంగరం అంటే 3వ పిన్ను, రెంటికీ తేడా చూడు అని. అంటే అది ఎడమలోంచి కుడిని తీసేస్తోంది. ఆకారం ఒకటే, భాష వేరు.

కొత్త పాటల్లో గాయకుడి గొంతుని మధ్యలో ఉంచుతారు, అంటే రెండు చానెళ్లలోనూ సమానంగా. తీసివేస్తే సున్నా. పక్కలకి చిమ్మిన వయొలిన్లు, గొంతు తాలూకు ప్రతిధ్వని మిగులుతాయి, ఆ నూతిలోంచి వస్తున్నట్టు అనిపించేది ఆ ప్రతిధ్వనే. ఘంటసాల నాటి పాటలు మోనో. ఎడమా కుడీ ఒకటే. ఒకటిలోంచి ఒకటి తీస్తే ఏం మిగులుతుంది? రికార్డు మీంచి ఎక్కించినప్పుడు రెండు వైపులా కాస్త వేరువేరుగా పడిన గరగర. ఇందాక చెప్పిన తక్కెడే ఇది, రెండు పళ్లేల్లోనూ సమానంగా ఉన్నదాన్ని చెత్త అనుకుని పారేస్తుంది. దానికి ఘంటసాలకీ ట్యూబ్‌లైట్ చోక్‌కీ తేడా ఏం తెలుసు.

ఇక మందు. రెండు స్పీకర్లు ఉంటే ఫోన్ నుంచి రెండు మోనో జాక్‌లుగా చీలే వైరు పెట్టి ఎడమది ఒకదానికీ కుడిది ఒకదానికీ ఇచ్చేవాళ్లం. మీకు ఒక్కటే ఉంది కాబట్టి రెండు చానెళ్లనీ కలపాలి. నేరుగా మెలిపెట్టి కలిపేయకండి, ఫోన్ లోపల ఉన్న రెండు చిన్న యాంప్లిఫయర్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఒక్కో చానెల్‌కి ఒక 1 కిలో ఓము రెసిస్టర్ పెట్టి, ఆ రెండింటి అవతలి కొసలు కలిపి, ఆ కలిపిన చోటు నుంచి స్పీకర్ జాక్ కొసకి వెళ్లండి. ఉంగరాన్నీ గొట్టాన్నీ కలిపి ఫోన్ ఎర్త్‌కి ఇవ్వండి. రెసిస్టర్లు రూపాయి ఖరీదు కూడా చేయవు. సోల్డరింగ్ రాకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద మోనో ఆడియో అని ఒకటి ఉంటుంది, అది ఆన్ చేసి, ఎడమ చానెల్ ఒక్కటే వచ్చే మోనో జాక్ స్పీకర్‌కి పెట్టినా పని జరుగుతుంది. మోనో ఆన్ చేసి ఇప్పుడున్న వైరే ఉంచేశారనుకోండి, కొత్త పాటలు కూడా మాయమైపోతాయి, అప్పుడు మళ్లీ ఉత్తరం రాయకండి.

ప్రశ్న (మధురవాడ): ఫ్లాట్‌లో హోమ్ థియేటర్ యాంప్లిఫయర్, కంప్యూటర్, కేబుల్ టీవీ సెట్‌టాప్ బాక్స్ అన్నీ కలిపి పెట్టుకున్నాం. ఎప్పుడూ గుయ్యిమని ఒకటే మోత. మంచి వైర్లు మార్చినా పోలేదు. తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి యాంప్లిఫయర్ ప్లగ్గులో మూడో పిన్ను పీకేశాడు. మోత టక్కున ఆగిపోయింది! ఇలాగే ఉంచేయవచ్చా, లేక అన్నీ బ్యాలెన్స్‌డ్‌కి మార్చాలా?

జవాబు: ఉంచకండి. ఇది చదవడం ఆపి ముందు ప్లగ్గు మార్చి రండి.

వచ్చారా? ప్లగ్గులో ఆ లావు పిన్ను మోత కోసం పెట్టింది కాదు, మీ కోసం పెట్టింది. లోపల 230 వోల్టుల వైరు ఎప్పుడైనా ఊడి డబ్బా రేకుకి తగిలితే కరెంటు ఆ పిన్ను గుండా పోయి ఫ్యూజు ఎగరాలి. పిన్ను లేకపోతే రేకు అలాగే కరెంటుతో కూర్చుని, ఎవరు ముట్టుకుంటారా అని చూస్తుంటుంది. నీతులు చెబుతున్నాననుకోకండి, పంతొమ్మిదేళ్లప్పుడు నేనూ ఈ ఘనకార్యం చేశాను. వానాకాలం, తడి నేల, చెప్పుల్లేవు, యాంప్లిఫయర్ మీద చెయ్యి వేస్తే మోచేతి దాకా జివ్వుమని లాగింది. ఆ రోజు చెయ్యి వెనక్కొచ్చింది కాబట్టి ఈ శీర్షిక రాస్తున్నాను.

పిన్ను పీకితే మోత ఎందుకు ఆగింది? మీ యాంప్లిఫయర్‌కి ఎర్త్ ప్లగ్గు నుంచి వస్తోంది. కేబుల్ టీవీ వైరు షీల్డు బయట ఎక్కడో ఇంకోచోట ఎర్త్ అయి వస్తోంది. కంప్యూటర్‌కి ఇంకో ఎర్త్. వీటన్నిటినీ మీ ఆర్‌సీఏ వైర్ల షీల్డులు కలిపేసి పెద్ద ఉంగరం చేశాయి. అందులో 50 హెర్ట్జ్ కరెంటు తిరుగుతుంది. ఆర్‌సీఏలో షీల్డే తిరుగుదారి అని చెప్పాను కదా, షీల్డుకి 0.1 ఓము రెసిస్టెన్స్ ఉండి అందులో 10 మిల్లీయాంపులు పారితే 1 మిల్లీవోల్టు పుడుతుంది, అది నేరుగా పాటకి కలిసిపోతుంది. ఇంటి సామాన్లలో మామూలు లెవెల్ 316 మిల్లీవోల్టులు. అంటే మోత పాటకి 50 డెసిబెల్స్ కిందే ఉంటుంది, నిశ్శబ్దంగా ఉన్న గదిలో అది చెవికి స్పష్టంగా తగులుతుంది. మీరు డబ్బు పోసిన ఖరీదైన వైర్లు దాన్ని ఆపలేకపోయింది ఇందుకే. అవి బయటి నుంచి దూరే చెత్తని ఆపుతాయేమో గానీ ఇది షీల్డులోనే పారుతోంది. ఆ మాటకొస్తే బంగారం పూత కంటే షీల్డు జడ దట్టంగా ఉన్న వైరు ఈ విషయంలో ఎంతో మేలు, ఓములు తగ్గుతాయి కాబట్టి.

దొంగని పట్టడం సులువే. వాల్యూమ్ తగ్గించి, యాంప్లిఫయర్‌కి వచ్చే వైర్లు ఒక్కొక్కటే పీకుతూ వినండి. అన్నీ పీకినా మోత ఉంటే గొడవ యాంప్లిఫయర్ లోపల ఉంది, ఫిల్టర్ కెపాసిటర్లు చూపించండి. సెట్‌టాప్ బాక్స్ వెనక ఉన్న కేబుల్ వైరు మరతిప్పి తీయగానే ఆగితే, పదిలో ఏడుసార్లు ఇదే అని నా అనుభవం, ఆ కేబుల్ వైరుకే ఒక ఐసోలేటర్ (సిగ్నల్‌ని పోనిచ్చి ఎర్త్ దారిని తెంపేది) తగిలించాలి. అయితే డిష్ ఉన్నవాళ్లు జాగ్రత్త, డిష్ మీద సిగ్నల్ అందుకునే ఎల్ఎన్‌బీకి కరెంటు అదే వైరులో వెళుతుంది, డీసీని ఆపే ఐసోలేటర్ పెడితే బొమ్మ కూడా పోతుంది. అలాంటప్పుడు టీవీ నుంచి యాంప్లిఫయర్‌కి ఆప్టికల్ వైరు వాడండి. అందులో పోయేది వెలుతురు, వెలుతురుకి ఎర్త్‌తో పని లేదు, ఉంగరం తెగిపోతుంది. కంప్యూటర్‌తో అయితే ముందు అన్ని ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తెచ్చి చూడండి. అప్పటికీ ఉంటే ఆర్‌సీఏ వైరు మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. బాగా చవకవి డోలు, మృదంగాల లోతైన శబ్దాలని మింగేస్తాయి, కొనేముందు విని కొనండి.

అన్నీ బ్యాలెన్స్‌డ్‌కి మార్చడం గురించి అడిగారు. రెండు చివర్లూ నిజంగా బ్యాలెన్స్‌డ్ అయితే ఈ మోత చాలావరకు పోతుంది, నిజమే. కానీ మీ సెట్‌టాప్ బాక్స్‌కి ఎక్స్‌ఎల్‌ఆర్ ఎక్కడుంది?

ఇంకొక్క మాట, పాత ఇళ్లవాళ్ల కోసం. వన్‌టౌన్ వైపు కొన్ని ఇళ్లలో మూడు కన్నాల సాకెట్ ఉంటుంది గానీ పై కన్నం వెనక వైరే ఉండదు. అలాంటి ఇంట్లో కంప్యూటర్ రేకు ముట్టుకుంటే సన్నగా జిలజిల అంటుంది, మీటర్ పెడితే 110 వోల్టుల దరిదాపుల్లో చూపిస్తుంది. అది సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి వచ్చే లీకేజీ. కరెంటు చిన్నదే, కానీ వైర్లు పెట్టేటప్పుడు సున్నితమైన ఇన్‌పుట్‌ని కాల్చడానికి అది చాలు. ముందు పెరట్లో ఉప్పూ బొగ్గూ వేసి ఎర్త్ గొయ్యి తీయించండి. గొయ్యి ఉన్నవాళ్లు ఎండాకాలంలో దానికి రెండు బిందెల నీళ్లు పోయడం మర్చిపోకండి.

ప్రశ్న (సీతమ్మధార): ఒక్క మాటలో చెప్పండి. బ్యాలెన్స్‌డ్ సౌండ్ బాగుంటుందా, ఉండదా?

జవాబు: మీటరు పొడవు వైరుకి ఉండదు.

ఒక్క మాట అన్నారు గానీ ఇంకో నాలుగు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఈ పద్ధతి పుట్టింది పాట కోసం కాదు, టెలిఫోన్ కోసం. గ్రాహంబెల్ రెండు వైర్లని మెలిపెట్టే పద్ధతికి 1881లోనే పేటెంట్ తీసుకున్నాడు. మైళ్ల దూరం పోయే లైన్లు, పక్కనే కరెంటు తీగలు, అప్పుడది లేకపోతే మాట వినబడదు. తర్వాత రేడియో స్టూడియోలు, సభలు, వంద అడుగుల మైకు వైర్లు. అక్కడ అది లేనిదే గడవదు. మీ ఇంట్లో డాక్‌కీ యాంప్లిఫయర్‌కీ మధ్య జానెడు దూరం. మరి షాపులో మార్చి మార్చి వినిపిస్తే బ్యాలెన్స్‌డ్ బాగుందనిపించిందని రాసేవాళ్లకి జవాబు, ఇంటి డబ్బాల్లో ఆర్‌సీఏ మీద సాధారణంగా 2 వోల్టులు వస్తే ఎక్స్‌ఎల్‌ఆర్ మీద 4 వోల్టులు వస్తాయి. అంటే అదే పాట 6 డెసిబెల్స్ గట్టిగా వినబడుతుంది. గట్టిగా వినబడింది బాగుందనిపించడం మనిషి చెవి బలహీనత. వాల్యూమ్ సమానం చేయమని అడిగి మళ్లీ వినండి, షాపువాళ్లు కాస్త చిరాకు పడతారు.

ప్రశ్న (గాజువాక): మా ఊరి తప్పెటగుళ్ల బృందాన్ని రికార్డు చేయడానికి చిన్న మిక్సర్ కొన్నాను. రెండు సందేహాలు. మిక్సర్ మెయిన్ అవుట్‌పుట్‌ని ఇంట్లో స్టీరియో యాంప్లిఫయర్‌కి ఇస్తే తప్పెట దెబ్బ పడ్డప్పుడల్లా సౌండ్ చిట్లుతోంది. ఇంకోపక్క, పాత క్యాసెట్ డెక్‌ని ఆర్‌సీఏ నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ వైరుతో మిక్సర్‌కి పెడదామనుకుంటున్నా, పెట్టొచ్చా?

జవాబు: తప్పెటగుళ్లు రికార్డు చేస్తున్నారంటే ముందు మీకు దండం. ఆ చప్పుడు పట్టుకోవడం అంత తేలిక కాదు, దెబ్బ క్షణంలో పైకి లేచి పడిపోతుంది, మీటర్ ముల్లు అందుకునేలోపు అయిపోతుంది.

మొదటిది లెవెల్ తేడా. స్టూడియో సామాన్ల మామూలు లెవెల్ ప్లస్ 4 డీబీయూ, అంటే 1.23 వోల్టులు. ఇంటి సామాన్లది మైనస్ 10 డీబీవీ, అంటే 0.316 వోల్టులు. సుమారు నాలుగింతలు తేడా, 12 డెసిబెల్స్. దెబ్బ పడ్డప్పుడు మిక్సర్ దానికి ఎన్నో రెట్లు పైకి లేవగలదు, పాత యాంప్లిఫయర్ ఇన్‌పుట్ అంత మోయలేదు, చిట్లుతుంది. మిక్సర్ మెయిన్ ఫేడర్ కిందికి లాగి, యాంప్లిఫయర్ వాల్యూమ్ పెంచుకోండి. టేప్ అవుట్ అని ఆర్‌సీఏ సాకెట్లు మీ మిక్సర్‌కి ఉంటే ఇంకా సుఖం, అవి ఇంటి లెవెల్‌కి చేసినవే. లేక మెయిన్ అవుట్‌పుట్టే వాడాలంటే పైన ఎం.వి.పి. కాలనీ పెద్దాయనకి చెప్పిన 3వ పిన్ను పరీక్ష మీకూ వర్తిస్తుంది, చిన్న మిక్సర్లలో ఒట్టి రెసిస్టర్ రకం తరచుగా కనబడుతుంది.

రెండోదానికి, పెట్టొచ్చు, కానీ ముందు ఫాంటమ్ బటన్ ఆపండి. ఆపి ఒక నిమిషం ఆగండి. కండెన్సర్ మైకుల కోసం ఎక్స్‌ఎల్‌ఆర్ మైక్ ఇన్‌పుట్‌లో 2 మీదా 3 మీదా 48 వోల్టులు నిలబడి ఉంటాయి, 6.8 కిలో ఓముల రెసిస్టర్ల గుండా. అది మీ డెక్ అవుట్‌పుట్‌లోకి ఎదురు పోతే 7 మిల్లీయాంపుల దాకా తోస్తుంది, పాత డెక్‌కి అది ఆఖరి రోజు కావచ్చు. నన్నడిగితే మైక్ ఇన్‌పుట్ జోలికే వెళ్లొద్దు, లైన్ ఇన్‌పుట్ లావు జాక్‌లో పెట్టండి, ఫాంటమ్ అక్కడికి రాదు, లెవెల్ కూడా సరిపోతుంది.

వైరు మీరే చేసుకునేట్టయితే ఒక కిటుకు చెబుతాను. ఒంటి వైరు షీల్డు కేబుల్ కాకుండా, లోపల రెండు వైర్లూ పైన షీల్డూ ఉన్న మైకు కేబుల్ తీసుకోండి. ఎర్ర వైరు ఆర్‌సీఏ మధ్య పిన్ను నుంచి జాక్ కొసకి. నల్ల వైరు ఆర్‌సీఏ గొట్టం నుంచి ఉంగరానికి. షీల్డు ఆర్‌సీఏ గొట్టం నుంచి జాక్ గొట్టానికి. అంటే నల్ల వైరూ షీల్డూ డెక్ వైపే కలుస్తాయి, మిక్సర్ వైపు కలవవు. ఇలా చేస్తే, ఇందాక చెప్పిన ఆ 1 మిల్లీవోల్టు మోత షీల్డు మీదే పుడుతుంది గానీ పాట తిరిగొచ్చే దారి వేరే నల్ల వైరు కాబట్టి, మిక్సర్ కొసకీ ఉంగరానికీ తేడా చూసి దాన్ని చాలావరకు కొట్టేస్తుంది. డెక్ బ్యాలెన్స్‌డ్ కాకపోయినా మిక్సర్ బ్యాలెన్స్‌డ్ కావడం వల్ల సగం పుణ్యం దక్కుతుందన్నమాట. షాపు వైర్లు చాలావాటిలో 3నీ 1నీ మిక్సర్ వైపే కలిపేసి ఈ లాభం పోగొడతారు.

ప్రశ్న (పెదవాల్తేరు): బీచ్‌కి రెండు వీధుల అవతల ఉంటాం. ఆర్‌సీఏ సాకెట్లు ఆకుపచ్చగా చిలుము పట్టి, వైరు కదిపితే బర్‌ర్‌మంటోంది. ఎక్స్‌ఎల్‌ఆర్ అయితే పట్టదా?

జవాబు: సముద్రం గాలి ఎక్స్‌ఎల్‌ఆర్ అనీ ఆర్‌సీఏ అనీ చూడదండి. తేడా ఏమిటంటే ఆర్‌సీఏ గొట్టం చిలుము పట్టి వదులైతే తిరుగుదారే తెగుతుంది, అందుకే అంత మోత. ఎక్స్‌ఎల్‌ఆర్‌కి బిగించే గొళ్లెం ఉంది, షీల్డు దారి వేరు, కాబట్టి కొంత ఓర్చుకుంటుంది. బంగారం పూతని పైన కాస్త వెక్కిరించాను గానీ మీలాంటి వాళ్లకి మాత్రం కొనమంటాను, బంగారానికి చిలుము పట్టదు. నెలకోసారి సిస్టమ్ ఆపి అన్ని వైర్లూ రెండుసార్లు పీకి పెట్టండి, ఆ రాపిడికే సగం శుభ్రమవుతుంది. మిగతాదానికి కాంటాక్ట్ క్లీనర్ గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ. గరుకు కాగితం పెట్టి రుద్దకండి, పూత పోయాక లోపలి ఇత్తడి ఇంకా తొందరగా పచ్చబడుతుంది. కొబ్బరినూనె రాశామని ఒకరు రాశారు. దానికి జవాబు లేదు.

ప్రశ్న (గోపాలపట్నం): నా చిన్న హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌కి 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ కన్నం ఒక్కటే ఉంది. నా హెడ్‌ఫోన్ మామూలు 3.5 జాక్. ఆన్‌లైన్‌లో అడాప్టర్ ఆర్డర్ పెట్టాను, రేపో మాపో వస్తుంది. వాడొచ్చా?

జవాబు: వచ్చాక పెట్టె విప్పకుండా వెనక్కి పంపేయండి. బ్యాలెన్స్‌డ్ హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌లో ఎడమ మైనస్‌కి ఒక యాంప్లిఫయర్, కుడి మైనస్‌కి ఒక యాంప్లిఫయర్ వేరువేరుగా ఉంటాయి. 3.5 జాక్‌లో ఆ రెండు మైనస్‌లూ ఒకే గొట్టం మీద కలిసిపోయాయి. ఆ అడాప్టర్ పెడితే రెండు యాంప్లిఫయర్లనీ ఒకదానికొకటి షార్ట్ చేసినట్టు, ఇక్కడ 20 మిల్లీయాంపులతో పోదు, స్పీకర్ లాంటి బరువు తోయడానికి కట్టిన యాంప్లిఫయర్లవి, కాలిపోవచ్చు. దీనికి తిరగేసిన అడాప్టర్, అంటే బ్యాలెన్స్‌డ్ వైరున్న హెడ్‌ఫోన్‌ని మామూలు కన్నంలో పెట్టేది, దానితో ఏ ప్రమాదమూ లేదు. మీ హెడ్‌ఫోన్ వైరు రెండు కప్పుల దగ్గరా ఊడొచ్చే రకమైతే 4.4 వైరు విడిగా కొనుక్కోండి. ఒకే కప్పులోకి వైరు వెళ్లే రకమైతే, ఆ యాంప్లిఫయర్ ఇంకా వారెంటీలో ఉండగానే 3.5 కన్నం కూడా ఉన్నదానితో మార్చుకోగలరేమో అడిగి చూడండి.